ఎదురుమంట పెట్టే ముందు వెనక్కి చూడండి
(చాపాడులో జరిగిన రైతుల సమావేశంలో ప్రసంగ పాఠం)



ఎండలు ముదిరాయి. కేసీ కాలువ కింద కోసిన మళ్లలో కొయ్యకాళ్లు, గెనిమల మీద ఎండుగడ్డి. తూర్పున నల్లమల, లంకమల అడవులు ఆకు రాల్చాయి. ఇప్పుడు ఎక్కడ నిప్పు లేచినా మనలో ఎవరో ఒకరు "ఎదురుమంట పెట్టండి" అంటారు. ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఎదురుమంట పనిచేసే మాట నిజం. రోడ్డునో, దున్నిన నేలనో వెనక ఆసరాగా పెట్టుకొని, వచ్చే మంట వైపు నిప్పు పెడతారు. మధ్యలో గడ్డి ముందే కాలిపోతే పెద్దమంటకు మేత దొరకదు. కానీ వెనక ఆసరా లేకపోతే ఒక మంట రెండవుతుంది. మనం ఆసరా అనుకునే కాలువ సంగతి చూడండి. నీళ్లు లేక, కంపచెట్లు పెరిగిన కాలువ మంటను ఆపదు, ముందుకు తీసుకుపోతుంది.

గాలి మళ్లితే అనుభవజ్ఞులూ నిలవలేరు. 2000 మే నెలలో అమెరికాలోని న్యూ మెక్సికోలో పార్కు సిబ్బంది ఎండుగడ్డి తగ్గించడానికి ముందుగా అనుకునే నిప్పు పెట్టారు. అది చేయి దాటి 40 వేల ఎకరాలకు పైగా కాల్చి, లాస్ అలమోస్ పట్టణంలో వందల కుటుంబాలకు ఇళ్లు లేకుండా చేసింది. మన దగ్గర 2014 మార్చిలో శేషాచలం అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లాల్సి వచ్చింది. అగ్గిపెట్టె పట్టుకున్న మన చేతిలో ఏముంది? బిందెలు, వేపమండలు.

మధ్యలో చిక్కేది ఎవరు? గొర్రెల కాపరి, కట్టెలకు పోయిన ఆడబిడ్డ, పక్క రైతు గడ్డివామి, డ్రిప్పు పైపులు.

కాబట్టి మనం చేయాల్సినవి ఇవీ. కొయ్యకాళ్లు కాల్చకుండా కలియదున్నుదాం. గడ్డి పశువులకు కట్టలు కట్టిద్దాం. చేను చుట్టూ, వామి చుట్టూ ఎండుగడ్డి చెక్కి దున్నుదాం. మంట కనబడగానే 101కి ఫోన్ చేద్దాం, మనుషుల్ని, పశువుల్ని ముందు తప్పిద్దాం. ఎదురుమంట నిర్ణయం అటవీ, అగ్నిమాపక సిబ్బందికే వదిలేద్దాం.

జాగ్రత్త మన బాధ్యత అయితే, ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. కాలువల్లో కంప కొట్టించాలి. వేసవికి ముందే అడవి అంచున అగ్నిగీతలు శుభ్రం చేయించాలి. మంటలార్పే దినకూలీలకు బూట్లు, బీమా ఇవ్వాలి. కాలిన పంటకు పరిహారం చెల్లించాలి. ఈ కోర్కెలతో అందరం కలిసి మండల కార్యాలయానికి పోదాం.

మన నిప్పు పక్కవాడి కడుపు కాల్చకూడదు.