గిటారు యాంప్లిఫయరు – పెద్దల జాగ్రత్త



మన మనవలు కొందరు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నారు. మా ఇంట్లో మావాడి యాంప్లిఫయరును చూసుకునే బాధ్యత నాదే.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తు. గిటారు తీగలు యాంప్లిఫయరు ఎర్తుతో కలిసి ఉంటాయి. ఎర్తు లోపిస్తే తీగలపై చేయి, మైకుకు తగిలిన పెదవి – ఈ రెంటి మధ్య మనిషే కరెంటుకు దారి అవుతాడు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకును తాకి వేదికపై షాకుకు గురై మరణించాడు. కనుక మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేసి వాడనీయకండి.

వాల్వుల యాంప్లిఫయరులో ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. మూత విప్పడం మెకానిక్కు పని. స్పీకరు తగిలించకుండా దాన్ని ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

కాలితో నొక్కే పెడల్‌లో సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఇన్‌పుట్ వైరు గుచ్చి ఉంచినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక వైరు తీసేయాలి. నెలల తరబడి వాడకుంటే బ్యాటరీనే తీసేయాలి. కారితే లోపల పాడవుతుంది.

ఆఫీసులో రిజిస్టరు రాసినట్టే నెలకోసారి ప్లగ్గు, వైర్లు చూసి తేదీ వేస్తున్నాను. మీరూ అలా చేయమని మనవి.