‘వద్దు’ అనడమూ నేర్పాలి



ఇంటికి చుట్టాలు రాగానే మనం పిల్లల్ని ముందుకు తోస్తాం. “మామయ్యకు ముద్దు పెట్టు, తాతయ్య ఒళ్లో కూర్చో” అంటాం. పిల్ల మొహం తిప్పుకుంటే “ఉత్త మొండిఘటం!” అని నలుగురి ముందూ కసురుకుంటాం. మా ధూళిమిట్టలోనైనా, మీ పట్నంలోనైనా ఈ తంతు ఒక్కటే. పెద్దల మాట వినడం మంచి అలవాటే, కాదనను. కానీ పెద్దవాళ్లు ఏం చేసినా పడి ఉండాలని కూడా దాంతోపాటే నేర్పేస్తున్నాం కదూ! ముద్దు ఇష్టం లేని పిల్ల చేతులు జోడించి నమస్కారం పెడితే చాలదూ? మర్యాదకేం లోటు?

“పసివాళ్లకు ఇవన్నీ ఎందుకమ్మా, సిగ్గుచేటు!” అంటారు కొందరు అత్తగార్లు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12 వేలమందికి పైగా పిల్లల్ని అడిగారు. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. మగపిల్లలు ఆడపిల్లలకంటే తక్కువేమీ లేరు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చేసినవాళ్లలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్లూ, నమ్మినవాళ్లూనట! మనమేమో దారినపోయే కొత్తవాళ్లను చూపించి భయపెడుతుంటాం.

మూడేళ్ల పిల్లకు ఉపన్యాసం అక్కర్లేదు. స్నానం చేయిస్తూనే చెప్పవచ్చు: “చెడ్డీ కింద దాగే చోటు నీది. కడగడానికి అమ్మ, నేను పక్కనుండగా డాక్టరుగారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ‘వద్దు’ అని అరిచి నా దగ్గరకు పరుగెత్తుకు రా. ‘అమ్మకు చెప్పకు’ అని ఎవరన్నా సరే, ముందు నాకే చెప్పు.”

చెప్పాలంటే మనమంటే బెరుకు ఉండకూడదు మరి. పాలు ఒలకబోశానని తానే వచ్చి చెప్పిన పిల్లవాడి వీపు మోగించామనుకోండి, వాడు రేపు ఇంతకన్నా పెద్ద సంగతి నోరు విప్పి చెబుతాడా? “నిజం చెప్పావు, మంచిపని చేశావు. గుడ్డ తెచ్చి తుడువు” అనండి. తప్పు దిద్దినట్టూ ఉంటుంది, చెప్పే అలవాటూ పోదు.

“పోలీసుకు పట్టిస్తా” అనే బెదిరింపు కూడా మానండి. సంక్రాంతి వెళ్లాక మొదటి ఆదివారం పట్నం వారానికి మా జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతరకు మీలో ఎందరో వస్తారు. ఆ జనంలో చెయ్యి వదిలిన బిడ్డ పోలీసును చూసి దాక్కుంటే ఎట్లా? తప్పిపోతే అక్కడే నిలబడమనీ, పోలీసునో, పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లినో అడగమనీ చెప్పండి. తన పేరు, నాన్న పేరు, ఊరు, మీ ఫోను నంబరు ఎక్కాల్లా నోటికి రావాలి.

ఒకవేళ బిడ్డ ఏదైనా చెబితే, “నువ్వెందుకు వెళ్లావు?” అనకండి. గుచ్చిగుచ్చి అడక్కండి. “చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేమీ లేదు” అనండి. పరువు పోతుందని దాస్తే ఆ మనిషి ఇంకో ఇంటి బిడ్డ జోలికి పోతాడు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడా మగా పిల్లలందరికీ వర్తిస్తుంది. బిడ్డను స్టేషనుకు తిప్పనక్కర్లేదు. వీలైనంతవరకూ మహిళా అధికారే, యూనిఫారం లేకుండా, ఇంటికి వచ్చి మాట రాసుకోవాలి. పేరు పత్రికల్లో రాకూడదు. 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నాలుగంకెలూ పిల్లలకు కూడా నేర్పండి.