వచ్చి పోవు దోషము
(సాకేత్‌లో తెలుగు ఉద్యోగుల, వారి కుటుంబముల ఎదుట చేసిన ప్రసంగపాఠము)



ఈ సాకేత్‌లోని జిల్లా న్యాయస్థానములు 2010వ సంవత్సరమున ప్రారంభమైనవి. ఉదయము పది గంటలకు లోపలి గదులలో చోటున్నను, తనిఖీ జరుగు వాకిటనే జనము నిలిచిపోవచ్చును. పని భారము వేరు, ప్రవేశ భారము వేరు. రద్దీగల సర్వరునందును ఇంతే. ప్రోగ్రాము డేటాబేసును ప్రశ్నించుటకు ముందు తెరచుకొను దారికి కనెక్షను అని పేరు. డేటాబేసు కులాసాగానున్నను, దారి దొరకక పని చెడును.

ఎడతెగని దోషమును పట్టుట సులభము. చలిజ్వరమువలె వచ్చి పోవునది కష్టము. వైద్యుడు వచ్చుసరికి రోగి లేచి కూర్చుండును. అట్టి వేళ సర్వరును ఆపి మరల నడపుట వాడుక. బాధ తగ్గును గాని సాక్ష్యము నశించును. మరునాడు దూరమునుండి వచ్చినవారు కిటికీ ముందు నిలిచియే యుందురు. నింద గుమాస్తాపై పడును.

కావున మొదట దోషము కనబడిన వేళను, యంత్రము చెప్పిన మాటను ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. నిరాకరణము వేరు, నిరుత్తరము వేరు. కనెక్షనులు మించినవని డేటాబేసే చెప్పినచో హద్దు నిండినదని అర్థము. మార్పు చేయనిచో పోస్ట్‌గ్రెస్‌నందు ఆ హద్దు 100, మైసీక్వెల్‌నందు 151. బదులే రానిచో నెట్‌వర్కును, సర్వరు వాకిటి వరుసను చూడవలెను. రాత్రియంతయు ఊరకుండి ఉదయపు తొలి ప్రశ్నకే తెగినచో రద్దీ కారణము కాదు. మైసీక్వెల్ పనిలేని కనెక్షనును మామూలుగా ఎనిమిది గంటలకు మూసివేయును.

డేటాబేసుదాక పోకయే తెగు సందర్భమొకటి కలదు. లినక్సునందు బయటకు పోవు కనెక్షనులకు సాధారణముగా 32768 మొదలు 60999 వరకు, అనగా 28,232 పోర్టులు గలవు. కనెక్షనును ముందుగా మూసిన పక్షమున ఆ పోర్టు 60 సెకనులు తీరికలేక యుండును. భాగించి చూడగా సెకనుకు సుమారు 470. వేరొక యంత్రముననున్న ఒకే డేటాబేసునకు అంతకు మించిన వేగమున కనెక్షనులు తెరచి మూయుచుండినచో పోర్టులు చాలవు. రద్దీ తగ్గగానే దోషము మాయమగును. ఇదియే దాని మాయ.

హద్దును పెంచుట ఒక్కటే మందు కాదు. పోస్ట్‌గ్రెస్‌నందు ప్రతి కనెక్షనునకు ఒక ప్రత్యేక ప్రక్రియ, దానికి కొంత మెమరీ కావలెను. కొన్ని కనెక్షనులను ముందే తెరచియుంచి వంతులవారీగా వాడుకొను పూల్ మేలైనది. అయినను తీసికొన్నది తిరిగి ఈయని ప్రోగ్రామున్నచో పూల్ కూడ ఎండిపోవును; పట్టుకొని కూర్చున్నదెవరో వెదకి తీరవలెను.

కారణములేని దోషము లేదు; లెక్క వ్రాయని దోషమే కలదు. యువ ఉద్యోగులు పునఃప్రారంభపు మీటపై చేయి వేయుటకు ముందు కలము చేతబట్టుదురుగాక!