రాజపాళయపు కుక్కకు ఎట్టి ఆహారము?
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



భాషను గూర్చియు బడులను గూర్చియు మాటలాడు ఈ వేదికపై కుక్కతిండిని గూర్చి ప్రసంగమేమని కొందఱు నవ్వవచ్చును. కాని రాజపాళయపు కుక్క మన కుటుంబములతోడనే పేరు పొందినది. పూర్వము ఆంధ్రదేశమునుండి తరలివచ్చి ఈ కొండల దాపున స్థిరపడిన రాజుల ఇండ్లలో, తోటకు కాపుగా, అడవిపంది వేటకు తోడుగా పెరిగిన జాతి యిది. 2005లో తపాలాశాఖవారు నాలుగు భారతీయ శునకజాతులకు బిళ్లలు వెలువరించినప్పుడు అందు మన యూరి పేరును ఉండెను.

ఈ కుక్క తెల్లనిది. ముక్కు గులాబి వన్నె. వెండ్రుక పొట్టిది, పలుచనిది. దాని క్రింద ఎఱ్ఱని చర్మము కనబడుచుండును. ఎండ తగిలినను, పిడుదు కుట్టినను, గడ్డి ఒరసికొన్నను ఆ చర్మముపై వెంటనే తెలిసిపోవును. పూర్వము దినమంతయు తోటలలో పరుగెత్తిన యీ జంతువు నేడు డాబాపైనో గేటువద్దనో కట్టుబడియున్నది. పరుగు తగ్గినది గాని గిన్నె తగ్గలేదు. అందుచేత లావును దురదయు జంటగా వచ్చుచున్నవి. తుదకు "ఇది గోకికొనుచున్నది, పిల్లలకు అంటును" అని దానిని ఏ తోటకో పంపివేయుదురు. మేమెఱిగిన ఇండ్లలోనే ఇట్లు రెండు మూడు కుక్కలు ఇల్లు విడిచినవి.

మా తప్పును ముందుగా చెప్పుకొందుము. మా యింటి కుక్క 25 కిలోలుండవలసినది 31 కిలోలైనది. మూపు వెంట పొలుసు లేచెను. మేము గిన్నెలోని తిండిని సగమునకు తగ్గించితిమి. రెండు నెలలలో మూడు కిలోలు తగ్గినది, సంతోషించితిమి. కాని వెండ్రుక కాంతి తప్పెను, పొలుసు హెచ్చెను, రాత్రులు గోకుచప్పుడుకు ఇంట నిద్ర లేదు. పశువైద్యులు గిన్నెలో నేమి వేయుచున్నారని అడిగిరి. "పెరుగన్నము" అని మా అవ్వ గర్వముగా చెప్పెను. ఆయన కాగితముపై లెక్క వేసి చూపిరి. ఆ లెక్కనే మీముందుంచుచున్నాము.

ఇరువదియైదు కిలోలుండవలసిన కుక్క బరువు తగ్గవలెనన్నచో దినమునకు సుమారు 780 క్యాలరీలతో మొదలు పెట్టుదురు. పిమ్మట తూకమును బట్టి హెచ్చుతగ్గులు చేయుదురు. నూఱు గ్రాముల తెల్ల అన్నమున 130 క్యాలరీలు కలవు. అనగా 600 గ్రాముల అన్నముతోనే ఆనాటి కోటా ముగిసిపోవును. ఆ అన్నములో మాంసకృత్తులు పదునాఱు గ్రాములకు మించవు. దానికి కావలసినవి రెండింతలకు పైమాటయే. అవ్వ ప్రేమతో వేయు పెద్ద చెంచా నేయి మఱి 120 క్యాలరీలు.

చర్మమును వెండ్రుకయు మాంసకృత్తులతో కట్టబడినవి. చర్మమునుండి తేమ పోకుండ కాపాడునది లినోలియిక్ ఆమ్లమను కొవ్వు. పొలుసు కట్టకుండ చూచునది జింకు. ఉన్న తిండినే సగము చేసినచో క్యాలరీలతోపాటు ఇవియు సగమగును. మేము చేసినది అదియే. తవుడు, రాగిసంగటి ఎక్కువగా పెట్టువారు వేఱొకటి గమనింపవలెను: వానిలోని ఫైటేటు అను పదార్థము జింకును ఒంటికి పట్టనీయదు. కావున తగ్గింపవలసినది గిన్నె కాదు, గిన్నెలోని క్యాలరీలు.

అంగడిలో కొనువారు సంచి ముందుభాగమున నున్న బొమ్మను చూడక వెనుక ముద్రించిన చిన్న అక్షరములను చదువవలెను. పదార్థములను బరువు వరుసలో వ్రాయుదురు. మొదట ధాన్యము పేరుండినచో అది ధాన్యపు తిండియే. "లైట్" అను మాటకు అమెరికాలో ఒక కట్టుబాటు కలదు: పొడి ఆహారమైనచో కిలోకు 3100 క్యాలరీలు మించరాదు. మన సంచులపై ఆ మాట యున్నను సరే, కిలోకు ఎన్ని క్యాలరీలో చదువుడు. ఆ అంకె లేని సంచిని మేము కొనము. కిలోకు 3000 క్యాలరీల తిండి దినమునకు 260 గ్రాములు పెట్టవచ్చును. 3700 దైనచో 210 గ్రాములే. మాంసకృత్తులు నూటికి 26కు తగ్గనిది, కొవ్వు 10 లోపలిది, చేపనూనె కలిసినది మాకు నచ్చినది. డబ్బా తిండిని దీనితో పోల్చునప్పుడు మోసపోకుడు. అందు నూటికి 78 పాళ్లు నీరుండును గనుక, 8 అని వ్రాసిన మాంసకృత్తులు నీరు తీసి లెక్కించిన 36 అగును. తెఱచిన గోనెనుండి విడిగా తూచి అమ్మునది చౌకయే గాని, మన యెండలకు అందలి కొవ్వు ముక్కిపోవును. చిన్న సంచి కొని నెలలో ముగించుట మేలు.

ఇంటనే వండుదుమనువారు అన్నమును కొలతగా పెట్టి, తోలు తీసి ఉడికించిన కోడిమాంసము గాని చేప గాని, ఉప్పులేని గుమ్మడి, చిక్కుడుకాయలు చేర్చవచ్చును. గుమ్మడి కడుపు నింపును, క్యాలరీలు స్వల్పము. కాని సున్నము, జింకు, విటమినులు ఎంతెంత చేర్చవలెనో వైద్యునిచేత వ్రాయించుకొనక దీర్ఘకాలము ఇది తగదు. సాంబారు, పులుసు కలిపిన మిగులన్నము అసలే కూడదు. ఉల్లియు వెల్లుల్లియు కుక్క రక్తమును చెఱచును. పాయసములోని కిస్మిసు సైతము విషమే.

ఇక తిండి పడకపోవుటను గూర్చి. కుక్కలకు పడని పదార్థములలో గొడ్డుమాంసము, పాలు పెరుగులు, కోడిమాంసము, గోధుమ ముందు వచ్చును. మా పెరుగన్నముపై అనుమానము అందుచేతనే కలిగెను. నిశ్చయించుటకు రక్తపరీక్షను నమ్మరాదు. ఎన్నడును తినని మాంసముతో గాని, వైద్యులిచ్చు ప్రత్యేకాహారముతో గాని ఎనిమిది వారములు నడపి, పిదప పాత తిండి మరల పెట్టి చూడవలెను. గొఱ్ఱెమాంసమని వ్రాసిన సంచిలో కోడికొవ్వు కలిసియుండుట కలదు. ఆ ఎనిమిది వారములలో పిల్లలు చాటుగా వేసిన ఒక్క బిస్కత్తు పరీక్షనంతను చెఱచును. మా యింట రెండుమార్లు చెడినది, మూడవమారు నెగ్గినది.

అయితే దురద యెల్ల తిండివలన రాదు. పిడుదులు, దూకు పురుగులు, గజ్జి ముందు చూడవలసినవి. వీనివలన వచ్చు దురదయే ఎక్కువ. తక్కువ తినియు లావగుచు, మందకొడియై, తోకపై వెండ్రుక రాలు కుక్కకు థైరాయిడు గ్రంథి మందగించియుండవచ్చును. అట్టిదానిని పస్తుంచుట క్రూరము. దానికి కావలసినది మాత్ర.

క్రొత్త ఆహారమును వారము పది దినములలో కొంచెము కొంచెముగా మార్చవలెను. వారమునకు బరువులో నూటికి ఒకటి, మించిన రెండు పాళ్లు తగ్గిన చాలును. ప్రక్కటెముకలు కంటికి అంతగా కనబడకున్నను వ్రేళ్లకు సులభముగా తగులవలెను. మా కుక్క ఇప్పుడు 26 కిలోలు. మూపు శుభ్రపడినది, వానల దినములలో మాత్రము పాదములు నాకికొనుచున్నది, దానికి చికిత్స జరుగుచున్నది. అవ్వ పెరుగన్నము మానినది గాని, పెట్టువేళకు గిన్నె తానే తూచును.

తూచుట కష్టమనువారికి ఒక మాట. కుక్కను ఎత్తుకొని యంత్రముపై నిలిచి, పిమ్మట ఒంటరిగా నిలిచి, తీసివేత చేసికొనుడు. ఎత్తలేనంత లావైనదియున్నచో వచ్చు ఆదివారము ఉదయము మా యింటికి తీసికొని రండు. పెద్ద త్రాసు కలదు. తినిపించుచున్న సంచిని కూడ వెంట తెండు, కలిసి చదువుదము.