టైము లెక్క కూడా రాసుకుందాం

టైము ఎట్లా సర్దుకోవాలో మాట్లాడమని నాకు చెప్పిన్రు. నాకంటే మంచిగ మాట్లాడేటోళ్లు ఉన్నరు. కానీ టైము తప్పి మాట పడ్డది నేనే కాబట్టి నేనే చెప్తాను.

మన తాండూరు కందికి 2022ల జీఐ గుర్తింపు వచ్చింది. పేరు పెద్దగైంది గానీ కోతలు, కట్టె కొట్టుడు ఎప్పటిలెక్క మన మీదనే ఉన్నయి. పోయిన కోతలప్పుడు మా సంఘం బ్యాంకు కిస్తు పైసలు నా దగ్గర ఉన్నయి. రేపు పోతా, రేపు పోతా అనుకుంటనే గడువు దాటింది. కట్టేసరికి మూడు రోజులు ఆలస్యం. గడువులోపల కడితేనే వడ్డీ లేని రుణం వర్తిస్తదని మీ అందరికీ తెలుసు. మీటింగుల ఒక అక్క "మా పైసలు ఇంట్ల పెట్టుకొని కూసున్నవా?" అని అడిగింది. పైసలు డబ్బాల అట్లనే ఉండె. అయినా నా నోట్లకెళ్లి మాట రాలేదు.

సంఘం లెక్క రూపాయి పోకుండా రాస్తం గదా, నా రోజు లెక్క ఎందుకు రాయొద్దని పిల్ల పాత నోటుబుక్కు తీసి వారం రోజులు రాసిన. లేచేది నాలుగున్నరకు, పండేది పదిన్నరకు. నల్లా నీళ్ల కోసం ముప్పావు గంట. ఒక్క వారంల తాండూరుకు నాలుగు సార్లు పోయిన: జిరాక్సుకు ఒకసారి, మందులకు ఒకసారి, మిషన్ దారానికి ఒకసారి, మరిచిపోయిన బటన్ల కోసం ఇంకోసారి. ఆటో కోసం నిలబడుడు వేరే. "ఖాళీగ కూసున్న" అని రాసిన చోట చూస్తే, అప్పుడు బియ్యం ఏరుతున్న!

2024ల కేంద్ర ప్రభుత్వం టైము సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నరట. అది కూడా ఇంటి పనిల చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్కనే, పెట్టనోళ్లను అందుల కలపలేదు.

నా బుక్కు మా ఆయనకు చదివి వినిపించిన. ఏం అనలేదు. రెండు రోజులైనంక నీళ్లు పట్టుడు మొదలుపెట్టిండు. వంట దిక్కు మాత్రం ఇంకా రాలేదు. తాండూరు పనులన్నీ ఇప్పుడు ఒక్క రోజే పెట్టుకుంటున్న, చీటీ తలుపుకు అంటించి ఉంటది. కిస్తు నా ఒక్కదాని చేతిల లేదు. మీటింగు తెల్లారే ఇద్దరు సభ్యులు వంతుల ప్రకారం పోయి కట్టొస్తరు.

ఇంకో ముచ్చట. మా సంఘంల ఒకామె బండల పాలిష్ పనికి పోతది. మా మీటింగు పొద్దున పదకొండుకు. ఆమె ఎనిమిదింటికే పనికి పోవాలె. రానందుకు చాన నెలలు పది రూపాయల చొప్పున జరిమానా రాసినం, పట్టింపు లేదని కూడా అన్నం. తప్పు ఆమెది కాదు, మేము పెట్టిన టైముది. మీటింగు రాత్రి ఏడున్నరకు మార్చినం. ఇప్పుడు ఆమె అందరికంటే ముందు వచ్చి చాప పరుస్తది. మొన్న ఆలస్యంగ పోయి జరిమానా కట్టింది నేను.

మీరు కూడా ఒక మూడు రోజులు రాయుండ్రి. రాయరానోళ్లు పిల్లలతోని రాయించుండ్రి. వచ్చే మీటింగుకు ఆ కాగితాలు తెస్తే, మీ సంఘం మీటింగు టైము అందరికీ కుదురుతుందో లేదో కూసొని చూద్దాం. సెలవు.