సేవకు మొదటి మెట్టు అడిగి తెలిసికొనుట
(బయ్యారంలో పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక నర్సు చేసిన ప్రసంగము)



బయ్యారం అనగానే పెద్దచెరువు జ్ఞప్తికి వచ్చును. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ దానిని నిర్మింపజేసినట్లు బయ్యారం చెరువు శాసనము చాటుచున్నది. చెరువు కట్టించుట ఒకనాటి పుణ్యము. గండి పడకుండ కట్టను కాపాడుట అనుదిన ధర్మము. రోగి సేవయు అట్టిదే. మందు చేతికిచ్చుట క్షణకాలపు పని. ఆ మందు పూర్తియగువరకు మనిషిని కనిపెట్టి యుండుటయే సేవ.

నా అనుభవ మొకటి విన్నవించెదను. ఉద్యోగమున చేరిన తొలి దినములలో క్షయరోగముతో బాధపడు ఒక వృద్ధురాలు రెండు నెలలు మందు మ్రింగి మానివేసెను. ఆరు నెలలు వాడవలెనని నేను పదిమంది యెదుట మందలించితిని. ఆమె తల వంచుకొని వెడలిపోయెను. మరునాడు ఆమె గుడిసె ముంగిట కూర్చుండి నెమ్మదిగా అడిగితిని. "మందు మింగితే కడుపుల తిప్పుతది బిడ్డా. తిననీకె ఇంట్ల ఏమున్నది?" అనెను. తప్పు ఆమెది కాదు. అడుగకయే తీర్పు చెప్పిన నాది.

ఇరుగుపొరుగువారు ఆమెకు పూటపూట ఇంత అన్నము పెట్టిరి. వైద్యుని సలహాపై చికిత్స మరల ఆరంభమయ్యెను, ఆమె కోలుకొనెను. అందరి విషయమున ఇట్లు జరుగదు. నడుమ మందు మానినచో రోగము మొండిబారి, మామూలు మందులకు లొంగకపోవచ్చును, ఇంటిల్లిపాదికిని సోకవచ్చును.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన తన గ్రంథమున స్వచ్ఛమైన గాలి, వెలుతురు, పరిశుభ్రత, తగిన ఆహారము రోగికి ముఖ్యమని బోధించినది. ఇవి నర్సు సంచిలో దొరకునవి కావు, ఊరు సమకూర్చవలసినవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్యమును, పారిశుధ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది.

కావున సభ్యులకు నా మనవి యిది. మీ వార్డులో క్షయరోగి ఎవరైన నున్నచో వెలివేయక పలుకరింపుడు. పోషకాహారమునకై కేంద్ర ప్రభుత్వ మిచ్చు సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలైనది. అది రోగి బ్యాంకు ఖాతాకు చేరుచున్నదా యని విచారింపుడు. చేరనిచో ఆశా కార్యకర్తకు తెలుపుడు.

మందు మేమిత్తుము. రోగికి ధైర్యము మీరిండు.