హోటల్ పద్దులు: లోపలి లెక్క, బయటి లెక్క

బస కల్పించే హోటళ్ల ఆర్థిక ఫలితాలూ, వాటిని లోకానికి తెలియజేసే తీరూ ఈ అధ్యక్షోపన్యాసానికి విషయం. ఏ రోజు ఆదాయాన్ని ఆ రాత్రికే తేల్చుకునే అలవాటు ఉన్న పరిశ్రమలు చాలా తక్కువ, వాటిలో హోటల్ ముందుంటుంది. అయినా ఆ హోటల్ కంపెనీలో వాటా కొన్నవారి చేతికి ఏడాదికొకసారి అందే నివేదికలో ఆ రాత్రి లెక్క జాడ కనబడదు. లోపల ఒక పద్ధతిలో రాసిన లెక్క బయటికి వచ్చేసరికి మరో పద్ధతిలోకి మారిపోవడం, ఆ రెంటి నడుమ ఆడిటర్ సంతకం లేని రెండు మూడు అంకెలే పరిశ్రమ ఆరోగ్యానికి కొలమానాలుగా చెలామణి కావడం ఈ ఉపన్యాసం ఎత్తిచూపదలచిన లోపం.

హోటల్‌లో పద్దుల రోజు అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. నైట్ ఆడిట్ అని పిలిచే ఆ పనిలో, రాత్రి విధుల్లో ఉన్న ఉద్యోగి గది అద్దెను ప్రతి అతిథి ఖాతాకూ ఎక్కించి, రెస్టారెంట్, బార్, లాండ్రీ, బాంకెట్ బిల్లులను సరిచూసి, నగదుగా వచ్చినదాన్నీ, కార్డుల మీద వచ్చినదాన్నీ, కంపెనీల పేర అప్పుగా మిగిలినదాన్నీ వేరుచేసి, తెల్లవారేసరికి జనరల్ మేనేజర్‌కు నివేదిక సిద్ధం చేస్తాడు. ఆ నివేదికలో మూడు అంకెలు ముందుగా కంటబడతాయి. అందుబాటులో ఉన్న గదుల్లో ఎన్ని అమ్ముడుపోయాయో చెప్పే శాతం ఆక్యుపెన్సీ; గదుల ఆదాయాన్ని అమ్ముడైన గదుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సగటు గది అద్దె, వ్యాపార భాషలో ఏడీఆర్; అదే ఆదాయాన్ని అమ్ముడైనవీ కానివీ కలిపి మొత్తం గదులతో భాగిస్తే వచ్చేది రెవ్‌పార్. నిన్న ఖాళీగా ఉండిపోయిన గదిని ఈరోజు రెండుసార్లు అమ్మడం సాధ్యం కాదు గనుక, ఖాళీ గదినీ లెక్కలోకి తీసుకునే రెవ్‌పార్‌కు పరిశ్రమ పెద్దపీట వేసింది.

ఆ రోజువారీ నివేదికలన్నీ నెలాఖరుకు ఒక విభాగవారీ లెక్కగా రూపుకడతాయి. ఈ లెక్కకు మూలం 1926లో న్యూయార్క్ నగర హోటల్ సంఘం వెలువరించిన ఏకరూప పద్దుల విధానం; దాని పదకొండవ కూర్పు 2015 జనవరి 1 నుంచీ, పన్నెండవ కూర్పు 2026 జనవరి 1 నుంచీ వాడుకలోకి వచ్చాయి. గదులు, ఆహార పానీయాలు, స్పా వంటి ఇతర విభాగాలు అనే వరుసలో ప్రతి విభాగానికీ దాని ఆదాయం, దాని సొంత ఖర్చు, దాని లాభం చూపడం ఈ విధానానికి వెన్నెముక. ఏ ఒక్క విభాగానికీ అంటగట్టలేని పాలనా ఖర్చులు, అమ్మకాల ప్రచారం, మరమ్మతులు, కరెంటు, నీరు వంటివాటిని ఆ తరువాత తీసివేస్తే మిగిలేది స్థూల నిర్వహణ లాభం. వ్యాపారంలో జీఓపీ అనే ఈ అంకె మేనేజర్ పనితనానికి గీటురాయి, ఎందుకంటే ఆస్తి పన్ను, బీమా, స్థలం అద్దె, వడ్డీ వంటి మేనేజర్ చేతిలో లేని భారాలు దానికి దిగువన వస్తాయి.

ఇంత వివరంగా తేలిన లెక్క కంపెనీల చట్టం మూడవ షెడ్యూలు నమూనాలోకి ఒదిగేసరికి దాని స్వరూపమే మారిపోతుంది. ఆ నమూనా ఖర్చులను విభాగాలుగా కాక స్వభావాన్నిబట్టి చూపమంటుంది గనుక, వంటవారి జీతమూ, గదులు శుభ్రంచేసే హౌస్‌కీపింగ్ సిబ్బంది జీతమూ, అకౌంట్స్ ఆఫీసు జీతమూ కలిసి ఉద్యోగుల ప్రయోజనాల ఖర్చు అనే ఒకే వరుస అవుతాయి. కరెంటు, కమీషన్లు, మరమ్మతులు ఇతర ఖర్చులలో చేరిపోతాయి. విభాగాలను వేరుగా చూపవలసిన సెగ్మెంట్ ప్రమాణం ఉన్నప్పటికీ, హోటల్ నడపడమే తమ ఏకైక విభాగమని చెప్పి చాలా కంపెనీలు ఒక్క వాక్యంతో దాన్ని దాటేస్తాయి. గదుల లాభం రెస్టారెంట్ నష్టాన్ని మోస్తోందో, బాంకెట్ హాలు ఆదాయం ఖాళీ గదులను కప్పిపుచ్చుతోందో బయటివారికి తెలిసే దారి ఆ నివేదికలో లేదు. తెలియకపోవడం కొందరికి సౌకర్యంగా ఉన్నదని అనుకోవడం మరీ అన్యాయం కాకపోవచ్చు.

ఈ లోటును పూడ్చడానికి కంపెనీలు పత్రికా ప్రకటనల్లో రెవ్‌పార్ ఎంత శాతం పెరిగిందో చెబుతాయి. ఆ అంకె ఎంతవరకు నమ్మదగినదో చూడడానికి చెరి వంద గదులున్న రెండు హోటళ్లను ఊహించుకోవచ్చు. మొదటిది 60 గదులను 8,000 రూపాయల చొప్పున, రెండవది 80 గదులను 6,000 రూపాయల చొప్పున అమ్మితే, రెంటికీ ఆ రాత్రి గదుల ఆదాయం 4,80,000 రూపాయలే, రెవ్‌పార్ 4,800 రూపాయలే. అయితే రెండవ హోటల్ మరో 20 గదులకు దుప్పట్లు మార్చాలి, ఏసీలు నడపాలి, ఉదయం అల్పాహారం పెట్టాలి. గదికి 1,200 రూపాయల అదనపు ఖర్చు అనుకుంటే రాత్రికి 24,000, ఏడాదికి 87,60,000 రూపాయలు. ఆ 20 గదుల అతిథులు రాత్రి భోజనం కూడా అక్కడే చేస్తే ఆ ఆదాయం ఈ ఖర్చును పూడ్చవచ్చు, పూడ్చకపోనూ వచ్చు. రెవ్‌పార్ ఈ రెండు విషయాల్లో దేన్నీ చెప్పదు.

భారతదేశంలో దీనికి వస్తుసేవల పన్ను మరో చిక్కుముడి వేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు, అంతకు లోపు అద్దె ఉన్న గదిపై పన్ను 5 శాతం, కాని హోటల్ తన కొనుగోళ్లపై కట్టిన పన్నును అందులో సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. 7,500 దాటితే పన్ను 18 శాతం, క్రెడిట్ ఉంది. పై ఉదాహరణలో మొదటి హోటల్ అతిథి చెల్లించేది 9,440 రూపాయలు, రెండవ హోటల్ అతిథి చెల్లించేది 6,300. మొదటి హోటల్‌కు సబ్బుల మీదా, పరుపుల మీదా, కన్సల్టెంట్ల బిల్లుల మీదా కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు అవుతుంటే, రెండవదానికి ఆ పన్ను మొత్తం ఖర్చుగానో ఆస్తి విలువగానో పద్దుల్లో మిగిలిపోతుంది. హైదరాబాదు హైటెక్ సిటీలో మంగళవారం 8,200కు, ఆదివారం 7,200కు అదే గదిని అమ్మే హోటల్ ఒకే కప్పు కింద రెండు పన్ను విధానాల్లో నడుస్తూ, క్రెడిట్‌ను ఆ నిష్పత్తిలో పంచుకోవలసి వస్తుంది. 7,500 రూపాయల గదికి అతిథి కట్టేది 7,875 కాగా 7,600 రూపాయల గదికి 8,968 కట్టవలసి రావడంతో, అద్దెలు ఆ గీత కిందనే గుమికూడే అవకాశం ఎక్కువ. ఇటువంటప్పుడు సగటు అద్దెలో కనిపించే మార్పు గిరాకీ వల్ల వచ్చిందా, పన్ను గీత వల్ల వచ్చిందా అన్నది విడదీయకుండా గత ఏడాదితో పోల్చడం పరిశోధన అనిపించుకోదు.

అంకెల నిర్వచనాల్లోనే దాగిన తేడాలు మరికొన్ని ఉన్నాయి. మరమ్మతులో ఉన్న గదులను హారంలోంచి తీసేస్తే ఆక్యుపెన్సీ పెరిగినట్టు కనబడుతుంది గనుకనే, దీర్ఘకాలం మూతబడినవాటిని తప్ప తక్కినవాటిని తీసివేయడానికి ఏకరూప విధానం ఒప్పుకోదు. అల్పాహారం కలిపి అమ్మే సీపీ ప్లాన్ అద్దెలోంచి అల్పాహారం విలువను విడదీసి ఆహార విభాగానికి ఇవ్వకపోతే సగటు గది అద్దె ఆ మేరకు ఉబ్బుతుంది. ఆన్‌లైన్ ట్రావెల్ ఏజెన్సీ కమీషన్‌ను ఒకరు ఖర్చుగా రాసి, మరొకరు ఆదాయంలోంచే తీసేసి రాస్తే, అతిథి చెల్లించింది ఒకటే అయినా రెండు రెవ్‌పార్‌లు వస్తాయి.

తెలుగునాట బాంకెట్ ఆదాయానికి పంచాంగంతో ఉన్న సంబంధాన్ని మాత్రం ఏ అంతర్జాతీయ పుస్తకమూ చెప్పదు. ఆషాఢం, అధికమాసం, మౌఢ్యం వచ్చినప్పుడు పెళ్లిళ్లు ఉండవు. ఇవి ఏటా ఒకే తేదీల్లో రావు. కంపెనీలేమో త్రైమాసిక ఫలితాలను నిరుటి అదే త్రైమాసికంతో పోల్చి చెబుతాయి. 2023లో ఆషాఢం వెంటనే అధిక శ్రావణం రావడంతో వరసగా రెండు నెలలు ముహూర్తాలు లేకపోయాయి. 2024లో శుక్ర, గురు మౌఢ్యాల వల్ల మే, జూన్ నెలలు దాదాపు ఖాళీగా గడిచాయి, ఆ త్రైమాసికం మందగించడానికి ఎన్నికలతో, ఎండలతో పాటు ముహూర్తాల కొరతను కూడా హోటల్ కంపెనీలు కారణంగా చెప్పాయి. 2026లో అధిక జ్యేష్ఠం మే 17న మొదలై జూన్ నడుమ దాకా సాగుతుంది గనుక, నిజ జ్యేష్ఠం జూలై నడుమ దాకా జరిగి, వేసవి పెళ్లిళ్లలో కొంత భాగం మొదటి త్రైమాసికం నుంచి రెండవదానికి మారుతుంది. ముహూర్తాల సంఖ్యతో సర్దుబాటు చేసిన బాంకెట్ ఆదాయ శ్రేణిని తయారుచేయడం తెలుగు విశ్వవిద్యాలయాల వాణిజ్య శాఖలు చేయగలిగిన పని. దానికి కావలసిన పంచాంగ జ్ఞానం ఇక్కడ కొరత కాదు.

హోటల్ ఎవరిది అన్న ప్రశ్న కూడా పద్దుల రూపాన్ని నిర్ణయిస్తుంది. 1993లో మారియట్ సంస్థ రెండుగా విడిపోయి, భవనాలు ఒక కంపెనీకీ, బ్రాండూ నిర్వహణా మరో కంపెనీకీ పంచుకున్నప్పటి నుంచి, ఆస్తి లేకుండా హోటల్ నడిపే పద్ధతి ప్రపంచమంతటా బలపడింది. నిర్వహణ ఒప్పందంలో బ్రాండ్ కంపెనీకి మొత్తం ఆదాయంలో కొద్ది శాతం బేస్ ఫీజుగా, స్థూల నిర్వహణ లాభంలో మరికొంత శాతం ఇన్సెంటివ్ ఫీజుగా అందుతాయి. వడ్డీ, ఆస్తి పన్ను, పాతబడిన ఫర్నిచర్ యజమాని వంతు. ఆదాయం మీద ఫీజు పొందేవారికి ఆదాయమూ, అప్పు తీర్చవలసినవారికి నగదూ ముఖ్యం కావడం సహజం. పైగా యజమాని తరఫున చెల్లించి తిరిగి రాబట్టుకునే జీతాలు మొదలైనవి కూడా బ్రాండ్ కంపెనీ ఆదాయంగానే పద్దుకెక్కుతాయి. మారియట్ మొత్తం ఆదాయంలో సగానికి మించి ఇటువంటి సొమ్మే, అందులో లాభమంటూ దాదాపు ఉండదు. లాభాన్ని ఆ మొత్తం ఆదాయంతో భాగించి లాభశాతం చెప్పే విద్యార్థి తప్పుదారి పడతాడు.

లీజు హోటళ్ల విషయంలో 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం చూపిన ప్రభావం ఇంతకన్నా లోతైనది. స్థిరమైన అద్దె చెల్లించే హోటల్ ఆ భవిష్యత్ చెల్లింపులన్నిటినీ అప్పుగా, భవనాన్ని వాడుకునే హక్కును ఆస్తిగా చూపాలి. అద్దె అనే ఖర్చు మాయమై తరుగుదలగా, వడ్డీగా మారుతుంది. వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందు లాభమైన ఎబిటా ఒక్క రూపాయి అదనంగా రాకుండానే పెరుగుతుంది. అద్దె ఆదాయంలో వాటాగా ఉంటే మాత్రం అది ఎప్పటిలాగే ఖర్చుగా నిలిచి, ఎబిటా పెరగదు. పక్కపక్కనున్న రెండు హోటళ్లలో ఒకటి మెరుగ్గా కనిపించడానికి ఒప్పందంలోని ఒక్క వాక్యం చాలు. పైగా వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ వంటిది, నిజాం కుటుంబం నుంచి తాజ్ సంస్థ లీజుకు తీసుకుని, ఏళ్లతరబడి పునరుద్ధరించి 2010లో తెరిచిన హోటల్, అరవై గదుల సగటు అద్దెతో అంచనాకు అందేది కాదు. పునరుద్ధరణ ఖర్చును లీజు గడువులో ఎలా పంచారన్న వివరం అక్కడ అసలైన సమాచారం.

అప్పు సంగతి ఎబిటాకు దిగువన ఉంటుంది, చాలాసార్లు కథ అక్కడే తేలుతుంది. ఢిల్లీ, చెన్నైలలో భారీ పెట్టుబడితో కట్టిన హోటళ్లకు తెచ్చిన అప్పు భరించలేక హోటల్ లీలావెంచర్ 2019లో బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, ఉదయ్‌పుర్ హోటళ్లను 3,950 కోట్ల రూపాయలకు బ్రూక్‌ఫీల్డ్‌కు అమ్ముకుంది. గదులు నిండినా వడ్డీ ఖజానాను నిండనివ్వలేదు. ఆ హోటళ్లే కొత్త యాజమాన్యంలో 2025లో స్టాక్ మార్కెట్‌కు వచ్చినప్పుడు సేకరించిన సొమ్ములో ప్రధాన భాగాన్ని అప్పు తీర్చడానికే కేటాయించారు. పరుపులు, కార్పెట్లు, లిఫ్టులు మార్చడానికి ఆదాయంలో 4 శాతం పక్కన పెట్టే అలవాటు నిర్వహణ ఒప్పందాల్లో ఉన్నప్పటికీ, నగదు బిగువైనప్పుడు మొదట ఆగేది ఆ నిధే. ఆగిన ఏడాది లాభం బాగానే కనబడుతుంది.

చేయవలసింది కొత్తగా కనిపెట్టనక్కరలేదు. స్టాక్ మార్కెట్‌కు తొలిసారి వచ్చే కంపెనీ తన ప్రధాన పనితీరు సూచికలను నిర్వచించి, ధ్రువీకరణతో ఆఫర్ పత్రంలో చూపాలని సెబీ 2022 నవంబరు సవరణతో కోరుతోంది. హోటల్ కంపెనీల విషయంలో ఆక్యుపెన్సీ, సగటు అద్దె, రెవ్‌పార్ అలా ధ్రువీకరణకు లోబడుతున్నాయి, కాని ఇష్యూ ముగిసి కొంతకాలం గడిచాక ఆ బాధ్యత సడలిపోతుంది. 2027 జనవరి 1 నుంచి అంతర్జాతీయంగా అమలయ్యే ఐఎఫ్ఆర్ఎస్ 18 ప్రమాణం, యాజమాన్యం తనకు తానుగా నిర్వచించుకుని ప్రకటించే లాభపు కొలతలను ఆడిట్‌కు లోబడిన నోట్లలో వివరించమంటుంది. దాని కింద సర్దుబాటు చేసిన ఎబిటా వెలుగులోకి వస్తుంది, కాని ఆదాయ వ్యయాల ఉపమొత్తం కాని రెవ్‌పార్ రాదు. భారతదేశం దానికి సమానమైన ప్రమాణాన్ని సిద్ధం చేస్తున్న ఈ దశలో, లీజు, యాజమాన్యం, నిర్వహణ ఒప్పందం అనే మూడు రకాల హోటళ్లకూ విడివిడిగా గదుల సంఖ్య, మూడు సూచికలు, విభాగాలవారీ లాభం, ఇండ్ ఏఎస్ 116కు ముందు లెక్కించిన ఎబిటా నోట్లలో చూపాలన్న సూచనను ఈ సదస్సు తీర్మానంగా రూపొందించి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్‌కు పంపవచ్చు. ముసాయిదా భాష మధ్యాహ్నపు గోష్ఠిలో చర్చకు వస్తే, పన్ను గీతకు పైనా కిందా అమ్ముడైన గదుల సంఖ్యను కూడా అందులో చేర్చాలో లేదో సభ్యులు తేల్చవలసి ఉంటుంది.